బ్యాగులో దొరికిన డ్రాగన్ నవల గురించి: తల్లిదండ్రులకు నవంబరు లేఖ

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన వారం తొమ్మిదో తరగతి అమ్మాయి బ్యాగులో కనిపించిన ఇంగ్లిష్ నవల గురించి మీ అందరికీ ఈపాటికి తెలిసే ఉంటుంది. అందులో ఒక పేజీని ఎవరో ఫోటో తీసి తరగతి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. రాత్రికి రాత్రే అది మిగతా తరగతుల గ్రూపులకూ అపార్ట్‌మెంట్ల గ్రూపులకూ పాకింది. మర్నాడు ఆఫీసు తలుపు తీసేసరికే కొందరు వరండాలో నిలబడి ఉన్నారు. బడిలో ఇలాంటివి చదివిస్తున్నారా అని అడిగినవాళ్లున్నారు, లైబ్రరీలో కథల పుస్తకాలన్నీ తీయించెయ్యమన్నవాళ్లూ ఉన్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పడం కుదరదు కాబట్టి ఇక్కడే వివరంగా రాస్తున్నాను.

ఆ పుస్తకం మన లైబ్రరీది కాదు. పుట్టినరోజుకి బంధువులు ఆన్‌లైన్‌లో తెప్పించి ఇచ్చారు. అట్ట మీద డ్రాగన్, మెరిసే అక్షరాలు. హ్యారీ పాటర్ లాంటిదే అనుకుని వాళ్లు ఇచ్చారు, పిల్ల కూడా అలాగే అనుకుని మొదలుపెట్టింది. అందులో పెద్దవాళ్ల కోసం రాసిన శృంగార సన్నివేశాలున్న మాట నిజం. పద్నాలుగేళ్ల పిల్ల చదవాల్సిన పుస్తకం కాదది, ఆ విషయంలో మీ మాటే నా మాట. దాన్ని కవరులో పెట్టి వాళ్ల అమ్మగారి చేతికిచ్చాం. అమ్మాయిని శిక్షించలేదు, శిక్షించం కూడా. కానీ ఆ పేజీ ఊరంతా తిరిగాక ఆ పిల్ల సిగ్గుతో బడికి రావడం మానేసింది. క్లాస్ టీచర్ ఇంటికి వెళ్లి మాట్లాడి తీసుకురావాల్సి వచ్చింది. ఆ పుస్తకం వల్ల జరిగిన నష్టం కంటే ఆ ఫోటో వల్ల జరిగిందే ఎక్కువ. మీ ఫోన్లో అది ఇంకా ఉంటే దయచేసి ఇప్పుడే తీసెయ్యండి. ఇంట్లో మీ పిల్లల ముందు ఆ అమ్మాయి పేరు ఎత్తవద్దని మరీ మరీ మనవి.

ఇలా ఎందుకు జరుగుతుందో కూడా తెలుసుకోవాలి. సినిమాకైతే సెన్సార్ బోర్డు యు, యు/ఎ, ఎ అని సర్టిఫికెట్ ఇస్తుంది. మన దేశంలో పుస్తకానికి అలాంటిదేమీ లేదు. పుస్తకాల షాపులో అట్ట మీద డ్రాగన్ ఉన్న పుస్తకాలన్నీ ఒకే అరలో ఉంటాయి. సారా జె. మాస్ రాసిన 'ఎ కోర్ట్ ఆఫ్ థార్న్స్ అండ్ రోజెస్' 2015లో వచ్చినప్పుడు టీనేజి పిల్లల పుస్తకంగానే అమ్మారు. 2020లో అట్ట మార్చి పెద్దల నవలగా మళ్లీ వేశారు. పుస్తకం అచ్చువేసినవాళ్లే అయిదేళ్ల తర్వాత అర మార్చారంటే, పుట్టినరోజు కానుక కొనే మేనత్తకి ఎలా తెలుస్తుంది? రెబెకా యారోస్ 'ఫోర్త్ వింగ్' (2023) కూడా పెద్దలదే, అందులో హీరోయిన్‌కి ఇరవై ఏళ్లు. ఈ రెండు పేర్లూ ఇన్‌స్టా రీల్స్‌లో తెగ తిరుగుతున్నాయి కాబట్టి స్పష్టంగా చెబుతున్నాను: ఇవి పద్దెనిమిది నిండిన వాళ్లకు. మన బడిలోకి రాకూడదు.

 

ఇక కథల పుస్తకాలన్నీ తీయించెయ్యమన్న మాట. తీయించను. మాయలూ మంత్రాలూ పిల్లల్ని చెడగొడతాయని తెలుగువాళ్లం మనం ఎలా అంటాం? మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉందంటే ఊపిరి బిగబట్టి విన్న జాతి మనది. 1951లో వచ్చిన 'పాతాళ భైరవి'ని ఇప్పటికీ టీవీలో వేస్తే కదలకుండా చూస్తాం. 'పారానార్మల్ రొమాన్స్' అనే మాట వినగానే కొందరు ఉలిక్కిపడ్డారు. మనిషికీ మనిషి కాని వాళ్లకీ మధ్య నడిచే ప్రేమకథ, అంతే దాని అర్థం. 1990లో 'జగదేకవీరుడు అతిలోకసుందరి'లో ఇంద్రుడి కూతురు ఉంగరం పోగొట్టుకుని భూలోకానికి వచ్చి టూరిస్టు గైడుని ప్రేమించలేదా? ఆ సినిమా మీరంతా ఇంటిల్లిపాదీ కూర్చుని చూసిందే. చావు గురించి, అసూయ గురించి, బలం ఉన్నవాడు బలం లేనివాడిని ఏం చేస్తాడన్నదాని గురించి పదకొండేళ్ల పిల్లవాడితో నేరుగా మాట్లాడితే వాడు తల వంచుకుని బూట్ల వంక చూస్తాడు. అదే ఒక రాక్షసుడి కథగా చెబితే కళ్లు పెద్దవి చేసుకుని వింటాడు, మధ్యలో ప్రశ్నలు వేస్తాడు, రాక్షసుడిదే తప్పా అని వాదిస్తాడు. క్లాసులో నోరు విప్పని పిల్లలు లైబ్రరీ పీరియడ్‌లో ఇలా వాదించుకోవడం నా కళ్లతో చూస్తున్నాను. లెక్కల సిలబస్ పూర్తికాలేదని ఎవరు అడిగినా ఆ పీరియడ్ మాత్రం ఇచ్చేది లేదు.

అయితే ఏ వయసుకి ఏ పుస్తకం అన్నది పెద్దవాళ్లు చూసుకోవాల్సిందే. మా లైబ్రరీ మేడమ్, నేనూ కూర్చుని కొన్ని ఎంచాం.

మూడు నుంచి ఐదో తరగతి వరకు చందమామకి మించింది నాకు కనిపించలేదు. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన ఆ పత్రిక ఆగిపోయి పదేళ్లు దాటినా, బైండు చేసిన పాత సంచికలు మన లైబ్రరీలో ఉన్నాయి. దాసరి సుబ్రహ్మణ్యం రాసిన 'తోకచుక్క', 'మకరదేవత', 'రాకాసి లోయ' లాంటి సీరియల్స్‌లో మాంత్రికులు, వింత జంతువులు, నదులు, కోటలు అన్నీ ఉంటాయి, ఏ పేజీలోనూ పిల్లవాడికి విసుగు రాదు. బేతాళ కథలైతే మీరే పైకి చదివి వినిపించండి. ప్రతి కథ చివరా బేతాళుడు ప్రశ్న వేస్తాడు కదా, అక్కడ పుస్తకం మూసి జవాబు పిల్లల్ని చెప్పమనండి. మన పిల్లల్లో చాలామంది ఇంకా తెలుగు కూడబలుక్కుని చదువుతున్నారు. ఆ ఇబ్బంది పోవడానికి ట్యూషన్ అక్కర్లేదు, రోజుకి ఒక కథ చాలు. ఇంగ్లిష్‌లో కావాలంటే బీరువాలోంచి మంచుదేశానికి వెళ్లే పిల్లల కథ, సి. ఎస్. లూయిస్ 1950లో రాసిన 'ది లయన్, ది విచ్ అండ్ ది వార్డ్‌రోబ్' ఐదో తరగతికి బాగుంటుంది.

ఆరు, ఏడు తరగతులకి హ్యారీ పాటర్ మొదటి మూడు పుస్తకాలు. 1997లో వచ్చిన మొదటిదాంట్లో హ్యారీకి పదకొండేళ్లు, తర్వాతి పుస్తకాల్లో వాడితో పాటు కథా పెద్దదవుతుంది. నాలుగోదాని చివర ఒక విద్యార్థి చనిపోతాడు. అందుకే ఏడింటినీ ఒకే సెలవుల్లో చదివించేయకండి. రిక్ రయోర్డన్ రాసిన పెర్సీ జాక్సన్ కథలు (మొదటిది 2005) గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. తన కొడుక్కి చదవడం కష్టంగా ఉంటే వాడి కోసం ఆయన ఈ కథ అల్లాడు. గ్రీకు దేవుడికి పుట్టిన హీరోకి కూడా డిస్లెక్సియా (చదవడంలో ఇబ్బంది), అక్షరాలు కదిలిపోతున్నట్టు కనిపిస్తాయి. వాడి మెదడు ప్రాచీన గ్రీకు భాష కోసం తయారైంది కాబట్టి అలా ఉందని కథలో చెబుతారు. మన ఏడో తరగతిలో ఒక అబ్బాయి నిరుడు పాఠం పైకి చదవమంటే కన్నీళ్లు పెట్టుకునేవాడు. ఈ సంవత్సరం ఆ వరసలో పుస్తకాలన్నీ పూర్తిచేసి, అసెంబ్లీలో మైకు ముందు నిలబడి కథ చెప్పాడు. ఆ రోజు స్టాఫ్ రూంలో టీచర్లు ఎవరూ మామూలుగా లేరు, నేనూ లేను. వాడి పక్క బెంచీ అమ్మాయి అదే ఊపులో రోషనీ చోక్షీ 'అరు షా అండ్ ది ఎండ్ ఆఫ్ టైమ్' (2018) తీసుకుంది. పాండవులు అమెరికాలో ఆడపిల్లలుగా మళ్లీ పుట్టే కథ అది. చదివాక భీముడి గురించి మా తెలుగు మాస్టారిని అడగని ప్రశ్న లేదు. ఆరో తరగతి అమ్మాయి ఒకరు ప్రకాశం బ్యారేజీ గేట్ల కింద కాపురముండే యక్షిణి గురించి సొంతంగా కథ రాసి ఇచ్చింది. లైబ్రరీ బోర్డు మీద పెట్టాం, వచ్చినప్పుడు తప్పకుండా చదవండి. వరద వచ్చిన రాత్రి గేట్లు ఎత్తే ఘట్టం ఎంత బాగా రాసిందో!

ఎనిమిది, తొమ్మిది తరగతులకి అర్సులా లెగ్విన్ 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ' (1968). పంతానికి పోయి మంత్రం వేసిన కుర్రాడు తన నీడ నుంచే పారిపోతాడు, చివరికి వెనక్కి తిరిగి దాన్ని ఎదుర్కొంటాడు. పదిహేనేళ్ల కోపిష్టి పిల్లలు ఇంట్లో ఉంటే ముందు ఇదే ఇవ్వండి. ప్రేమకథ చదవాలని సరదాపడే వయసు కూడా ఇదే, అది తప్పు కాదు. డయానా విన్ జోన్స్ 'హౌల్స్ మూవింగ్ క్యాజిల్' (1986) అందుకు మంచి మొదలు. శాపంతో ముసలమ్మ అయిపోయిన సోఫీకీ, సోకుల మాంత్రికుడు హౌల్‌కీ మధ్య ఇష్టం పోట్లాటల్లోనే నెమ్మదిగా పెరుగుతుంది. ఎవరికీ చూపించడానికి సిగ్గుపడాల్సిన పేజీ ఒక్కటీ లేదు. తెలుగులో విశ్వనాథవారి 'హాహా హూహూ' ఇవ్వండి. గుర్రం తల ఉన్న గంధర్వుడు లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో వచ్చి పడతాడు. యండమూరి 'తులసిదళం' అడుగుతున్నారు కొందరు పిల్లలు. చిన్నపిల్ల మీద చేతబడి కథ కాబట్టి పదో తరగతి దాటేదాకా ఆగమంటాను.

పదో తరగతి, ఆపైన. స్టెఫనీ మేయర్ 'ట్వైలైట్' (2005) గురించే ఎక్కువమంది అడుగుతున్నారు. మొదటి భాగం పదిలో చదవనివ్వండి, నాలుగోది మాత్రం పెళ్లి, గర్భం దాకా వెళ్తుంది కాబట్టి ఇంటర్ అయ్యేదాకా వద్దు. చదివాక ఒక విషయం తప్పకుండా మాట్లాడండి. రక్తం తాగే జాతికి చెందిన హీరో ఎడ్వర్డ్, తను ప్రేమించిన బెల్లా అనే అమ్మాయికి తెలియకుండా రాత్రిళ్లు ఆమె గదిలోకి వచ్చి, ఆమె నిద్రపోతుంటే చూస్తూ ఉంటాడు. పుస్తకంలో అది ప్రేమలాగే ఉంటుంది. మన పదో తరగతి అమ్మాయి ఒకరు దీని మీద వ్యాసం రాసింది. అతను రక్తం తాగే జాతి అయినా కాకపోయినా, అడగకుండా గదిలోకి రావడం తప్పేనని వాదించి, దాన్ని మనుచరిత్రతో పోల్చింది. ప్రవరుడు కాదని వెళ్లిపోయాక, అంతకుముందు వరూధిని తిరస్కరించిన గంధర్వుడే ప్రవరుడి రూపం వేసుకుని వచ్చాడు కదా, ఆమె ఒప్పుకున్నది ఎవరిని అని అడిగింది. పదహారో శతాబ్దపు పెద్దన ప్రబంధాన్నీ అమెరికా నవలనీ పక్కపక్కన పెట్టి ఇంత సూటిగా అడిగిన పిల్ల మన బడిలో ఉందంటే నాకు ఎంత గర్వంగా ఉందో మాటల్లో చెప్పలేను. ఇంట్లో చదవొద్దని తీసేసుకుని ఉంటే ఆ వ్యాసం వచ్చేదా? ఇదే వయసుకి చోక్షీ రాసిన 'ది స్టార్-టచ్డ్ క్వీన్' (2016) కూడా సరిపోతుంది. మృత్యువుతో పెళ్లి రాసిపెట్టి ఉందని జాతకంలో తేలిన రాకుమారి కథ.

మీతో కాస్త గట్టిగానే చెప్పాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి, దయచేసి మరోలా అనుకోవద్దు. అచ్చు పుస్తకం చూసి భయపడిన ఇళ్లలోనే పిల్లల చేతిలో రాత్రి పదకొండు దాకా ఫోన్ ఉంటోంది. వాట్‌ప్యాడ్, ప్రతిలిపి లాంటి యాప్‌లలో ఎవరైనా కథలు రాసి పెట్టవచ్చు. వాటిలో మంచివీ ఉన్నాయి. కానీ తోడేలు మనిషి ఆడపిల్లని ఎత్తుకెళ్లి నువ్వు నాదానివి అంటే ఆ పిల్ల మురిసిపోయే కథలు కూడా బోలెడు, అవి అట్ట లేకుండా, మీకు కనబడకుండా చదువుతున్నారు. మొదటి పీరియడ్‌లో నిద్రపోయే పిల్లలు పెరుగుతున్నారు, కారణం నవలలు కాదు. కథల పుస్తకాలు మార్కులు తెస్తాయా అని పిల్లల ఎదురుగా అనకండి, ఆ మాట వాళ్లు వచ్చి మాకు అప్పజెబుతున్నారు. పుస్తకం నచ్చకపోతే చింపకండి, కనీసం రెండు అధ్యాయాలు చదివి, అప్పుడు వద్దని చెప్పండి. అబ్బాయి ప్రేమకథ చదివితే ఎగతాళి చేయడం కూడా ఆపాలి. రాత్రి పది దాటాక టీచర్లకు వాయిస్ మెసేజిలు పెట్టకండి, వాళ్లకీ ఇళ్లున్నాయి.

వచ్చే సోమవారం నుంచి లైబ్రరీలో మాయాకథల పుస్తకాలన్నిటికీ వెనక అట్ట మీద ఏ తరగతి నుంచి ఇవ్వచ్చో చీటీ అంటిస్తున్నాం. ఇంటి నుంచి తెచ్చే నవల ఏదైనా ముందు లైబ్రరీ మేడమ్‌కి చూపించాలి. మీరు కొనబోయే పుస్తకం గురించి అనుమానం ఉంటే శనివారం మధ్యాహ్నం మూడింటికి లైబ్రరీకి రండి, నేనూ అక్కడే ఉంటాను. జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్లేవాళ్లు ఈ లేఖ వెంట తీసుకెళ్లండి. సెలవుల్లో తీసుకెళ్లిన చందమామ బైండు సంచికలు ఇంకా కొన్ని తిరిగి రాలేదు. చిన్న తరగతుల పిల్లలు వాటి కోసం అడుగుతున్నారు, శుక్రవారంలోగా పంపించండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు