బ్యాచ్ రిపోర్టు అడిగితే మీ దగ్గర జవాబే లేదా?

కస్టమర్ సపోర్ట్ మేనేజర్ గారికి,

ఇంగ్లీషులో పెట్టిన మెయిళ్ళకి జవాబు లేదు కాబట్టి ఈసారి తెలుగులోనే రాస్తున్నాను, డాలస్‌లో మీ దగ్గర కొంటున్న మనవాళ్ళు కూడా చదవాలని. నాకు అమ్మిన మీ సేల్స్ అబ్బాయి తెలుగువాడే, చదివి చెప్తాడు.

భుజం నొప్పికి మీరు అమ్మే బీపీసీ-157 అనే పెప్టైడ్ (ల్యాబ్‌లో చేసే చిన్న ప్రోటీన్ ముక్క) ఇంజెక్షన్‌గా ఏడాదికి పైగా వాడుతున్నాను. ఈసారి మొదటి వయల్‌తో ఇంజెక్షన్ చేసుకున్న చోట రూపాయి బిళ్ళంత ఎర్రగా వాచి, రాత్రికి జ్వరం వచ్చింది. రెండో వయల్‌లోని పొడిలో నీళ్ళు కలిపితే సన్నటి పోగులు తేలాయి. సీసా మీది బ్యాచ్ నంబరు, మీరు పంపిన సర్టిఫికెట్ మీది నంబరు ఒకటి కాదు.

చాట్‌లో ఒకాయన ఫొటోలు అడిగాడు, పంపాను. ఇంకొకావిడ వచ్చి మళ్ళీ అవే అడిగింది, మళ్ళీ పంపాను. చివరికి "ఇది రీసెర్చ్‌కి మాత్రమే, మనుషుల వాడకం గురించి మాట్లాడలేం" అని చాట్ మూసేశారు. నేను డోసు అడగలేదండీ, ఆ బ్యాచ్‌కి ఎండోటాక్సిన్ టెస్ట్, అంటే బ్యాక్టీరియా విషాలున్నాయేమో చూసే టెస్ట్, చేశారా లేదా అని అడిగాను. 99 శాతం ప్యూరిటీ అని మీరు చూపించే కాగితం బ్యాక్టీరియా విషాల గురించి ఏమీ చెప్పదు. ఫోన్ చేస్తే షిప్పింగ్ వాళ్ళకి కలిపారు, ఆయన పార్సిల్ డెలివరీ అయిందని చదివి పెట్టేశాడు. అమ్మేటప్పుడు "అన్నా, భుజం నెలలో సెట్ అయిపోతుంది" అన్న మీ అబ్బాయి నా మెసేజ్ చూసి కూడా పలకలేదు, కానీ అదే రోజు గ్రూపులో ఇంకా ట్రయల్స్‌లోనే ఉన్న రెటాట్రూటైడ్ అనే బరువు తగ్గించే మందు మీద ఆఫర్ పెట్టాడు. అప్పుడు భుజం మనిషిదే, ఇప్పుడు జ్వరం మాత్రం మనిషిది కాదా?

2023లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ బీపీసీ-157ని భద్రత విషయంలో గట్టి అనుమానాలున్న పదార్థాల్లో చేర్చాక కాంపౌండింగ్ ఫార్మసీల్లో (డాక్టర్ చీటీని బట్టి మందు కలిపి ఇచ్చేవి) దొరకడం కష్టమైంది, అందుకే నాలాంటివాళ్ళం మీ దగ్గరికొచ్చాం. జిమ్‌లో ఎంతమందికి మీ పేరు చెప్పానో! అర్జెంట్ కేర్‌లో డాక్టర్ "అందులో ఏముంది?" అని అడిగితే చెప్పలేక తల దించుకున్నాను, ఆ జవాబు మీ దగ్గర ఉండాలి.

డబ్బు వెనక్కివ్వండి, సరే, కానీ ముందు ఆ రిపోర్టు కావాలి. టెస్ట్ చేయకపోతే చేయలేదని రాసివ్వండి, ఆ బ్యాచ్ కొన్న మిగతావాళ్ళకీ చెప్పండి. శుక్రవారంలోగా పేరు చెప్పి మాట్లాడే మనిషి ఫోన్ చేయకపోతే ఫొటోలు, చాట్ స్క్రీన్‌షాట్లు అన్నీ మందుల మీద ఫిర్యాదులు తీసుకునే ఎఫ్‌డీఏ మెడ్‌వాచ్‌కీ, టెక్సస్ అటార్నీ జనరల్ ఆఫీసుకీ వెళ్తాయి.