జిల్లా లెక్కలతో పాటు వాటి మూలమూ అచ్చువేయండి

సంపాదకులకు నమస్కారం.

కర్నూలు జిల్లా జనాభా 40,53,463 అని ఇప్పటికీ యాప్‌లలో, పోటీ పరీక్షల మెటీరియల్‌లో కనిపిస్తోంది. అంకె తప్పు కాదు. నంద్యాల కూడా కర్నూలులోనే ఉన్న 2011 నాటి జనగణన లెక్క అది. 2022 ఏప్రిల్ 4న జిల్లా రెండయ్యాక, అదే జనగణన ప్రకారం కర్నూలుకు మిగిలింది 22,71,686. నంద్యాలకు పోయింది 17,81,777. ఇప్పటి కర్నూలు విస్తీర్ణం దాదాపు 8 వేల చదరపు కిలోమీటర్లు. పాత జనాభాను దీంతో భాగిస్తే జనసాంద్రత 500 దాటుతుంది. రావాల్సింది 285 దరిదాపుల్లో. విడివిడిగా రెండు అంకెలూ సరైనవే, తప్పంతా వాటిని ముడిపెట్టడంలో ఉంది.

వెబ్‌లో డేటా ఇప్పుడు ఇలాంటి ముడులతోనే నడుస్తోంది. ఊరికో, జిల్లాకో ఒక గుర్తింపు సంఖ్య ఇచ్చి, వేర్వేరు చోట్ల ఉన్న వివరాలను దానికి లింక్ చేస్తారు. 2012లో మొదలైన వికీడేటా (వికీపీడియాకు తోడుగా నడిచే డేటా భండారం) అలాంటిదే. రెండు రికార్డులు ఒకటేనని లింక్ చేస్తే, ఒకదాని వివరాలన్నీ రెండోదానికీ చెల్లుతాయని కంప్యూటర్ అనుకుంటుంది. పాత జిల్లానూ కొత్త జిల్లానూ అలా కలిపేస్తే బెలుం గుహలు మళ్లీ కర్నూలులోకి, పుట్టపర్తి మళ్లీ అనంతపురంలోకి వచ్చేస్తాయి. పాత వివరానికి ముగింపు తేదీ వేసి, కొత్తది పక్కన చేర్చాలి. చెరిపేయకూడదు.

వికీడేటాలో ఏ అంకె కనబడినా ముందు దాని కింద ఉన్న మూలాలను తెరిచి చూడాలి. అక్కడ ‘వికీపీడియా నుంచి దిగుమతి’ అని మాత్రమే ఉంటే మూలం లేనట్టే లెక్క. అంకె ఏ దారిన వచ్చిందో తెలుస్తుంది, ఎవరు లెక్కించారో తెలియదు. వికీపీడియా పేజీల్లో పక్కన కనిపించే కొన్ని సమాచార పెట్టెలు తిరిగి వికీడేటా నుంచే అంకెలు లాక్కుంటాయి. ఆ రెండింటినీ చూసి ‘రెండు చోట్లా ఉంది కదా’ అనడం ఒకే సాక్షిని రెండుసార్లు బోనెక్కించడమే. జనగణన పట్టిక లింక్, దాన్ని చూసిన తేదీ ఉంటే నమ్మకం పెరుగుతుంది. ఏనాటిదో రాయని జనాభా అంకెను అసలు వాడకూడదు. తర్వాత మార్పుల చరిత్ర తెరిస్తే, ఆ అంకెను మనిషి మార్చాడా, బాట్ (తనంతట తానే పనిచేసే ప్రోగ్రామ్) ఎక్కించిందా తెలుస్తుంది.

గ్రామాల దగ్గర చిక్కు ఇంకా ఎక్కువ. జియోనేమ్స్ అనే ఊళ్ల పేర్ల డేటాబేస్ నుంచి బాట్లు ఎక్కించిన వాటిలో ఒకే ఊరు రెండు గుర్తింపు సంఖ్యలతో ఉండటం మామూలే. అలాగని పేరు కలిసిందని కలిపేస్తే, వేర్వేరు మండలాల్లోని రెండు కొత్తపల్లెలు ఒకటైపోతాయి. మండలం, జనగణన గ్రామ కోడ్, అక్షాంశ రేఖాంశాలు మూడూ సరిపోలితేనే కలపాలి.

బ్రౌజర్‌లో తాళం గుర్తు చూసి నమ్మేవాళ్లూ ఉన్నారు. అది ఫైలు దారిలో మారలేదని చెబుతుందే గానీ అందులోని అంకె నిజమని చెప్పదు.

డేటా ఎక్కడ పుట్టిందో, ఏ పని వల్ల తయారైందో, ఆ పని ఎవరు చేశారో కంప్యూటర్‌కు అర్థమయ్యేలా రాయడానికి వెబ్ ప్రమాణాలు రూపొందించే సంస్థ డబ్ల్యూ3సీ 2013లోనే ‘ప్రోవ్’ ప్రమాణాన్ని ఇచ్చింది. జిల్లా కార్యాలయాలు అంతదూరం పోకపోయినా ఫరవాలేదు. వెబ్‌సైట్‌లో పెట్టే ఎక్సెల్ షీట్‌లో నాలుగు కాలమ్‌లు చేర్చమనండి: మూలం, ఏ ఏడాది లెక్క, ఎప్పటి సరిహద్దులు, తీసుకున్న తేదీ. మీ పత్రిక కూడా జిల్లాల పట్టికలు వేసినప్పుడు అడుగున ‘2011 జనగణన, 2022 సరిహద్దుల ప్రకారం’ అని ఒక్క లైను చేర్చాలని కోరుతున్నాం.

– డేటా రంగంలో పనిచేసే పాఠకులు, కర్నూలు