హోలీకి మోదుగ పూలు అమ్మించండి
హోలీ అయిపోయినా రంగులు పిల్లల ఒంటిని వదలడం లేదు. మొన్న మా వీధిలో సిల్వర్ పెయింట్ పూసుకున్న పిల్లలు రెండు రోజులు కిరోసిన్‌తో మొహాలు రుద్దుకున్నారు. ఒక బాబుకి కళ్లు వాచిపోతే అందరం టెన్షన్ పడ్డాం. మా చిన్నప్పుడు హోలీకి ముందు పిల్లలు పాడే జాజిరి పాటలు పాడుతూ ఇల్లిల్లూ తిరిగేవాళ్లం. కాముణ్ణి కాల్చిన రాత్రే మోదుగ పూలు మరిగించి, తెల్లారి ఆ నారింజ రంగు నీళ్లే చల్లుకునేవాళ్లం. ఫాల్గుణంలో విరగబూసే మోదుగే ఈ పండగకి అసలు రంగు. ఆదిలాబాద్, ఖమ్మం అడవుల్లో రాలిపోతున్న ఆ పూలను గిరిజన సహకార సంస్థ కొని, పండక్కి పది రోజుల ముందే రైతుబజార్లలో అమ్మాలి. గిరిజనులకూ నాలుగు డబ్బులొస్తాయి. తయారీదారు పేరు లేని రంగుల పొట్లాలను మున్సిపల్ సిబ్బంది దుకాణాల్లోనే పట్టుకోవాలి.
– ఒక పాఠకురాలు, హనుమకొండ