ప్రింటరు కొనే ముందు లినక్సు వాడేవారు అడగవలసిన ప్రశ్న

సంపాదకులు గారికి నమస్కారాలు.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కని పాత కంప్యూటర్లను పారేయడానికి మనసొప్పక, వాటిలో విండోస్‌కు బదులుగా ఉబుంటు, లినక్స్ మింట్ వంటి ఉచిత లినక్సు వ్యవస్థలు వేయించుకుంటున్న కుటుంబాలు మా విజయనగరంలో ఇప్పుడు కనిపిస్తున్నాయి. కంప్యూటరు పాఠాలు చెప్పే వృత్తిలో ఉన్నందువల్ల వారిలో కొందరు సలహా కోసం నా దగ్గరకు వస్తుంటారు. బ్రౌజరుతో గానీ, పత్రాలు రాసుకునే లిబ్రెఆఫీసుతో గానీ, తెలుగు టైపింగుతో గానీ వారికి పేచీ లేదు. పేచీ అంతా ప్రింటరుతోనే. హాల్ టికెట్లు, అడంగల్ నకళ్లు, పిల్లల ప్రాజెక్టు కాగితాలు ఇంట్లోనే తీసుకోవచ్చునని వేల రూపాయలు పెట్టి ప్రింటరు కొన్న తరువాత, అది పనిచేయకపోతే లోపం లినక్సుదేనని తీర్మానించుకుంటున్నారు. ఆ మాట సరికాదని, కొనేటప్పుడు ఒక్క విషయం తెలుసుకుంటే ఈ చిక్కే రాదని మీ పత్రిక ద్వారా చెప్పదలిచాను.

దుకాణంలో మనం ధర ఎంత, పేజీకి ఎంత ఖర్చవుతుంది, వైఫై ఉందా అని అడుగుతాం. లినక్సు వాడేవారు వీటన్నిటికన్నా ముందు, కంపెనీ డ్రైవరు వేయకుండా ఈ ప్రింటరు పనిచేస్తుందా అని అడగాలి. డ్రైవరు అంటే కంప్యూటరు మాటను ప్రింటరుకు అర్థమయ్యేలా మార్చే ప్రోగ్రాము. తక్కువ ధరలో దొరికే లేజర్ ప్రింటర్లలో చాలావాటికి పోస్ట్‌స్క్రిప్ట్, పీసీఎల్ వంటి అందరూ వాడే ముద్రణ భాషలు రావు. పేజీని చుక్కలుగా మలిచే పనంతా కంప్యూటరే చేసి, ఆ కంపెనీ సొంత సంకేతాల్లో పంపితేనే అవి అచ్చు వేస్తాయి. ఆ పని చేసే డ్రైవరును కంపెనీలు విండోస్ కోసం శ్రద్ధగా రాస్తాయి. లినక్సు కోసం రాసినా ఇంటెల్ తరహా ప్రాసెసర్లకు మాత్రమే రాసి, కొన్నేళ్ల తరువాత పట్టించుకోకుండా వదిలేసిన సందర్భాలున్నాయి. అటువంటి డ్రైవరు రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు వంటి, ఆర్మ్ అనే వేరే తరహా ప్రాసెసరు ఉన్న యంత్రాల్లో పనిచేయదు, దాని సోర్స్ కోడ్ (ప్రోగ్రామర్లు రాసిన మూల పాఠం) బయట పెట్టలేదు కనుక తెలిసినవారు సరిచేసి ఇద్దామన్నా వీలుండదు. సోర్స్ కోడ్‌ను చూసి మార్చుకునే హక్కు అందరికీ ఉండాలనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం వెనుక ఉన్నదీ ఇటువంటి అనుభవమే. అమెరికాలోని ఎంఐటీ ప్రయోగశాలలో ఉన్న ఒక లేజర్ ప్రింటరు సోర్స్ కోడ్ అడిగితే తనకు ఇవ్వలేదని, అది తన ఆలోచనను మార్చిందని ఆ ఉద్యమాన్ని ప్రారంభించిన రిచర్డ్ స్టాల్‌మన్ పలు సందర్భాల్లో చెప్పారు. స్వేచ్ఛగా వాడుకోగల వ్యవస్థను తయారుచేయడానికి ఆయన 1983లో ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు ఫలాలు నేటి లినక్సులో ముఖ్య భాగం.

ఈ చిక్కుకు ఇప్పుడు నిలకడైన పరిష్కారం ఉంది. లినక్సులో ముద్రణ పనులు చూసే వ్యవస్థ పేరు కప్స్. 1990ల చివర్లో మైఖేల్ స్వీట్ రూపొందించిన ఈ వ్యవస్థను 2002 నుంచి ఆపిల్ సంస్థ తన మ్యాక్ కంప్యూటర్లలోనూ వాడుతోంది. 2010లో ఐఫోన్ల నుంచి నేరుగా ప్రింటు తీసుకునేందుకు ఆ సంస్థ ఎయిర్‌ప్రింట్ అనే పద్ధతిని తెచ్చింది. ఒక్కో ప్రింటరుకు ఒక్కో డ్రైవరును ఫోనులో వేయడం కుదరదు కాబట్టి, ఏ కాగితాలు పడతాయో, రంగులు వస్తాయో రావో, రెండు వైపులా అచ్చు వేయగలదో లేదో ప్రింటరే స్వయంగా తెలియజేసే ఏర్పాటు ఇందులో ఉంది. దీనికి ఆధారం ఐపీపీ (ఇంటర్నెట్ ప్రింటింగ్ ప్రోటోకాల్) అనే, ఎవరైనా వాడుకోగల బహిరంగ ప్రమాణం. అదే పునాది మీద తయారీదారుల ఉమ్మడి బృందం ఐపీపీ ఎవ్రీవేర్ అనే, డ్రైవరు అవసరం లేని ముద్రణ పద్ధతిని రూపొందించింది. కానన్, హెచ్‌పీ, శామ్‌సంగ్, జెరాక్స్ కలిసి 2013లో మొదలుపెట్టిన మోప్రియా కూటమి డ్రైవరు లేకుండా పనిచేసే ప్రింటర్లకు తన గుర్తింపు ముద్రను ఇవ్వసాగింది. పెట్టె మీద ఈ మూడు పేర్లలో ఏ ఒక్కటి ఉన్నా, ఇటీవలి లినక్సులో ఆ ప్రింటరు ఏ డ్రైవరూ వేయకుండానే కనిపించడం దాదాపు ఖాయం. రేపు కంపెనీ ఆ నమూనాను మరిచిపోయినా, మనం లినక్సు మార్చుకున్నా అది పనిచేస్తూనే ఉంటుంది. కప్స్ రూపకర్తలు సైతం 3.0 వెర్షన్‌తో పాత తరహా డ్రైవర్లకు స్వస్తి చెప్పాలని నిర్ణయించారు కనుక, కొత్తగా కొనేవారు డ్రైవరు మీద ఆధారపడే ప్రింటరు జోలికి పోకపోవడమే మేలు.

పెట్టె మీది మాటలు అర్థం కాకపోతే దుకాణంలోనే తేల్చుకోవచ్చు. ప్రింటరునూ ఒక ఐఫోన్‌నూ ఒకే వైఫైకి కలిపి, కంపెనీ యాప్ ఏదీ వేయకుండా ఒక ఫోటోను ప్రింటు చేసి చూపమని అడగండి. అచ్చు పడితే ఇంటి దగ్గర లినక్సులోనూ పడుతుందని నమ్మవచ్చు. కంపెనీ యాప్ ఉంటే తప్ప ఫోనుకు కనిపించని ప్రింటరును మాత్రం అనుమానించాలి. యూఎస్‌బీ తీగ ఒక్కటే ఉన్న నమూనాల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. డెబియన్ అనే లినక్సు రకం 11వ వెర్షన్ నాటి నుంచి ఐపీపీ-యూఎస్‌బీ అనే ప్రోగ్రాము వల్ల తీగ ద్వారా కూడా డ్రైవరు లేని ముద్రణ సాధ్యమైంది కానీ, ఆ సదుపాయం ప్రింటరులోనూ ఉండాలి. వైఫై లేని చవక నమూనాల్లో అది తరచుగా ఉండదు.

ఇప్పటికే ప్రింటరు ఉన్నవారు నిరాశ పడనవసరం లేదు. హెచ్‌పీ ప్రింటర్లకు ఆ సంస్థే హెచ్‌పీలిప్ అనే సాఫ్ట్‌వేరును ఇస్తోంది. అయితే కొన్ని లేజర్ నమూనాలకు దానితో పాటు సోర్స్ కోడ్ లేని ప్లగిన్ (అదనపు ప్రోగ్రాము) కూడా దించుకోవాలి, హెచ్‌పీలిప్ వెర్షన్ మారినప్పుడల్లా ప్లగిన్‌నూ మార్చుకోవాలి. ఎప్సన్ ఇంకు ట్యాంకు ప్రింటర్లలో చాలావాటికి ఈఎస్‌సీపీఆర్ డ్రైవరు, బ్రదర్ లేజర్ ప్రింటర్లలో పలు నమూనాలకు బీఆర్‌లేజర్ డ్రైవరు డెబియన్, ఉబుంటు సాఫ్ట్‌వేరు భాండారాల్లోనే దొరుకుతాయి.

స్కానరు కలిసి ఉన్న ప్రింటరును కొనేవారు, ప్రింటు వస్తే స్కాను కూడా వస్తుందని అనుకోరాదు. ఆ రెండు పనులకూ లినక్సులో వేర్వేరు వ్యవస్థలున్నాయి. నెట్‌వర్క్ ద్వారా స్కాను చేసే ఈఎస్‌సీఎల్ పద్ధతి తెలిసిన స్కానరైతే సేన్-ఎయిర్‌స్కాన్ అనే ప్రోగ్రాము ద్వారా డ్రైవరు లేకుండానే పనిచేస్తుంది. ఇక లినక్సులో తెలుగు సరిగా అచ్చు కాదన్న భయం నిరాధారం. డ్రైవరు లేని ముద్రణలో అక్షరాలను కంప్యూటరే బొమ్మగా మలిచి గానీ, ఫాంటుతో సహా పీడీఎఫ్‌గా గానీ పంపుతుంది కనుక, యూనికోడ్ తెలుగులో తెర మీద ఒత్తులూ గుణింతాలూ ఎలా ఉంటే కాగితం మీదా అలాగే వస్తాయి. ఇంకు ప్రింటరా, లేజరా అన్నది లినక్సుతో సంబంధం లేని విషయమే అయినా, నెలకు నాలుగు కాగితాలు తీసేవారికి లేజరే నయమని నా అభిప్రాయం. వాడకం లేకపోతే ఇంకు గొట్టాల్లో ఎండిపోతుంది, టోనరు పొడికి ఆ బాధ లేదు.

విజయనగరం, శ్రీకాకుళం పట్టణాల వ్యాపారులకు నా మనవి ఒక్కటే: ధర చీటీ పక్కన ఎయిర్‌ప్రింట్ లేదా మోప్రియా ఉన్నదీ లేనిదీ రాయండి. పాఠశాలలకూ గ్రామ సచివాలయాలకూ ప్రింటర్లు కొనే అధికారులు టెండరు షరతుల్లో ఐపీపీ ఎవ్రీవేర్ లేదా దానికి సమానమైన సదుపాయం ఉండాలని ఒక వాక్యం చేర్చితే, దానివల్ల విండోస్ వాడేవారికి కలిగే నష్టం ఏమీ లేదు. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏళ్ల తరబడి లినక్సుతోనే పాఠాలు నడుపుతున్నాయి. మన జిల్లాల్లోనూ ఏదో ఒక బడి అటు అడుగు వేయాలనుకున్నప్పుడు, కొని ఉంచిన ప్రింటరు దానికి అడ్డు కాకూడదు. మీ పత్రిక కూడా సాంకేతిక పేజీలో కొత్త ప్రింటర్లను పరిచయం చేసేటప్పుడు ధర, వేగంతో పాటు, డ్రైవరు లేకుండా ముద్రణ, స్కానింగ్ పనిచేస్తాయా అన్న వివరం తప్పక ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక కంప్యూటరు అధ్యాపకుడు,
కంటోన్మెంట్, విజయనగరం