తీగ సన్నమని కాదు, పిట్ట చూసే తీరే వేరు

సంపాదకులకు,

బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) లాంటి పెద్ద పక్షి ఏదైనా హైటెన్షన్ లైనుకు కొట్టుకుని చచ్చిపోయిందని వార్త వచ్చిన ప్రతిసారీ అందులో ఒకటే మాట ఉంటుంది, తీగ సన్నంగా ఉండటంతో పక్షికి కనిపించలేదని. ఆ వెంటనే ఇంకో మాట, తీగలకు మెరిసే బిళ్లలు తగిలిస్తే సరిపోతుందని. రెండూ సగం నిజాలే. ఈ సగం నిజాలను నమ్ముకుని డబ్బంతా బిళ్లల మీద పోసేసి, పని అయిపోయిందని చేతులు దులుపుకుంటారేమోనని నా భయం.

పక్షికి కళ్లు లేవా అంటే, మంచి కళ్లే ఉన్నాయి. కాకపోతే అవి ఉన్న చోటు వేరు. పెరట్లో కోడిపెట్టను గమనించండి. పైన గద్ద తిరుగుతోందని అనుమానం రాగానే అది మనలా ముఖం పైకెత్తదు, తల పక్కకి వాల్చి ఒంటి కన్నుతో ఆకాశంలోకి చూస్తుంది. దూరపు వస్తువును దానికి స్పష్టంగా పట్టిచ్చేది ఆ పక్క చూపే. రెండు కళ్లూ కలిసి చూడగలిగేది ముక్కుకు ఎదురుగా ఉన్న ఇరుకు మేర మాత్రమే, అది ముఖ్యంగా ముక్కును గింజ మీదికి గురిగా దించడానికి పనికొస్తుంది. మనకేమో ఎదురుగా ఉన్నదే లోకం, పక్కన ఏముందో చూడాలంటే మెడ తిప్పాలి. వాటికి ఇది తిరగబడింది.

ఇక కదలిక సంగతి. పావురం నడుస్తూ తల ముందుకీ వెనక్కీ ఊపుతుందని మనం అనుకుంటాం. జాగ్రత్తగా చూస్తే అది ఊపడం కాదు. తలను ముందుకు చాచి, వెనక నుంచి ఒళ్లు వచ్చి కలిసేదాకా గాల్లో అక్కడే నిలిపి ఉంచుతుంది, ఆ నిలిపిన కాసేపట్లోనే చుట్టుపక్కల ఉన్నది చెదరకుండా కనిపిస్తుంది. 1978లో కెనడాలో బారీ ఫ్రాస్ట్ అనే శాస్త్రవేత్త పావురాన్ని ట్రెడ్‌మిల్ మీద నడిపించాడు. కాళ్లు నడుస్తూనే ఉన్నాయి, కానీ చుట్టూ ఉన్న గది కదలడం లేదు కదా, తల ఊపడం ఆగిపోయింది! అంటే అది నడకతో వచ్చే ఊపు కాదు, చూపు కోసం పడే పాట్లు.

పక్షులు ఎగిరేటప్పుడు ఇంకో లెక్క. పక్కన ఉన్న చెట్టూ గోడా ఎంత జోరుగా వెనక్కి పోతున్నాయన్న దాన్నిబట్టి తమ వేగం, వాటి దూరం అంచనా కడతాయి. బెంగళూరులో చదువుకుని ఆస్ట్రేలియాలో పరిశోధనలు చేసిన శాస్త్రవేత్త ఎం.వి. శ్రీనివాసన్ తేనెటీగల మీద ఇది నిరూపించారు. లోపలి గోడలకు గళ్లూ చారలూ అతికించిన ఇరుకు సొరంగంలోంచి వాటిని ఎగరనిస్తే, పోయింది కొద్ది మీటర్లే అయినా పట్టుకు తిరిగొచ్చి తోటి ఈగలకు చాలా దూరం పోయొచ్చినట్టు, దూరం తెలిపే తమ నాట్యంలో చెప్పాయి. ఈగకు దూరం అంటే కళ్ల ముందు వెనక్కి పోయిన చారల మొత్తం, అంతే. మన దగ్గర లవ్ బర్డ్స్ అని పంజరాల్లో పెట్టి అమ్మే బడ్జీలనూ ఆయన బృందం ఇలాగే పరీక్షించింది. రెండు పక్కలా నిలువు చారలుంటే మధ్యలోంచి పోయాయి, ఒక పక్క గోడ ఖాళీగా ఉంటే ఆ గోడ వైపుకి జరిగిపోయాయి.

ఇప్పుడు బట్టమేక పిట్ట సంగతికి వద్దాం. అది తిరిగేది గడ్డి మైదానంలో. గాల్లోకి లేచాక దాని పక్కన చెట్టు లేదు, గోడ లేదు, వెనక్కి పోయేది ఏమీ లేదు. లక్షల ఏళ్లుగా దాని దారిలో ఎదురుగా నిలబడ్డది ఏదీ లేనప్పుడు ఎదురు చూసుకుంటూ ఎగరాల్సిన అవసరం దానికెందుకు వస్తుంది? చూడాల్సిందంతా కిందనే ఉంది, తిండీ తోటి పక్షులూ దిగాల్సిన నేలా. 2010లో గ్రాహమ్ మార్టిన్, జెస్ షా అనే పరిశోధకులు ఆఫ్రికాలో ఉండే దీని చుట్టం కోరి బస్టర్డ్ చూపు మేరను కొలిచారు. తల పాతిక డిగ్రీలు కిందికి వంచితే చాలు, ఎగురుతున్న వైపు దానికి పూర్తిగా గుడ్డి అయిపోతుందని తేలింది. రాబందులకూ కనుబొమ ఎముక అడ్డం వల్ల ఇలాంటి ఇబ్బందే ఉంది. అంటే తీగ సన్నమా లావా అన్నది తర్వాతి మాట, అసలు అటు చూస్తేగా! పోనీ చివరి క్షణంలో చూసిందే అనుకుందాం, పది పదిహేను కిలోల మగ పక్షి చటుక్కున పక్కకి మళ్లగలదా? ఇంకో విషయం, ఇది షాక్ కొట్టి చచ్చేది కాదు, గుద్దుకుని చచ్చేది. తీగకు తొడుగు వేస్తే చాలదా అనేవాళ్లు ఇది గమనించాలి.

బిళ్లల సంగతి దక్షిణాఫ్రికాలో కారూ ప్రాంతంలో ఏళ్ల తరబడి పరీక్షించారు. కొంగ జాతి నీలి క్రేన్ల చావులు బాగా తగ్గాయి. బస్టర్డ్ జాతి పక్షుల విషయంలో మాత్రం ప్రయోజనం కనిపించలేదు. పైన చెప్పింది చదివినవాళ్లకు ఇందులో ఆశ్చర్యం ఏమీ ఉండదు.

దేశం మొత్తం మీద ఇప్పుడు అడవిలో మిగిలిన బట్టమేక పిట్టలు నూట యాభై దాకా ఉంటాయని అంచనా, ఎక్కువభాగం రాజస్థాన్ థార్‌లోనే. అక్కడ లైన్ల వల్లే ఏటా 18 దాకా పోతున్నాయని భారత వన్యప్రాణి సంస్థ లెక్కగట్టింది. సాధారణంగా ఒక్క గుడ్డు పెట్టే పక్షికి ఇది తట్టుకోగలిగే నష్టం కాదు. 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు లైన్లను భూమిలో వేయమంది, 2024 మార్చిలో ఆ ఆదేశాన్ని సడలించి నిపుణుల కమిటీ వేసింది. ఎక్కువ వోల్టేజీ లైన్లను మైళ్ల కొద్దీ భూమిలో వేయడం కష్టమే, అది నేనూ ఒప్పుకుంటాను.

మనకిందులో పనేమిటంటారా? నంద్యాల జిల్లాలోని రోళ్లపాడు అభయారణ్యాన్ని 1988లో ఏర్పాటు చేసింది ఈ పిట్ట కోసమే. ఇప్పుడక్కడ కృష్ణజింకలు కనిపిస్తాయి, వాటి వల్ల పైరు పోయి రైతులు తిట్టుకుంటారు, బట్టమేక పిట్ట మాత్రం కొన్నేళ్లుగా కంటపడటమే గగనం. దాని చావుకి తీగలొక్కటే కారణమని నేననను, గడ్డి నేలలు పొలాలైపోయాయి, కుక్కలు పెరిగాయి, వేట ఉంది. కానీ జైసల్మేర్ దగ్గర సామ్‌లో ఈ పిట్టకు పెంపకం కేంద్రం పెట్టి, గుడ్లు పొదిగించి పిల్లల్ని పెంచుతున్నారు, రేపు వాటిని పాత తావుల్లో వదలాలనుకుంటే రోళ్లపాడు పేరు రాకుండా ఉండదు. ఈలోగా అదే జిల్లాల్లో సోలార్ పార్కులు, వాటి వెంట కొత్త టవర్లూ లైన్లూ వస్తున్నాయి. ఓర్వకల్లు వైపు వెయ్యి మెగావాట్ల పార్కు ఇప్పటికే ఉంది. సోలార్ వద్దని ఎవరంటారు, బొగ్గు కంటే వెయ్యి రెట్లు నయం. లైను ఎటు నుంచి పోవాలన్నది కాగితం మీద ఉండగానే అడగమంటున్నాను.

నేనడిగేది పెద్దదేం కాదు. అభయారణ్యం చుట్టుపక్కల గడ్డి నేలల మీదుగా కొత్త లైను వేసేముందు దారి మ్యాపును ఊళ్లో పెట్టండి. ఉన్న రోడ్డు వెంట, ఉన్న లైను పక్కనే వేయొచ్చేమో చూడండి. 33 కేవీ, అంతకు తక్కువవి ఆ కొద్ది దూరం భూమిలో వేయండి, అది సాధ్యమే. బిళ్లలు కొల్లేరు, పులికాట్ వైపు తగిలించండి, అక్కడి పక్షుల్లో కొన్నిటికైనా ఉపయోగపడతాయి. ఆ లైన్ల కింద నెలకోసారి ఎవరైనా నడిచి, పడి ఉన్న పక్షుల్ని లెక్క రాసి బయటపెట్టమని అటవీశాఖనూ ట్రాన్స్‌కోనూ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
నందికొట్కూరు