అది స్టీలు మేకు కాదు

సంపాదకులకు,

అయ్యా,

తిరుణాలలో ఆరంగుళాల మేకులను వట్టి చేతులతో వంచిన యువకుడి గురించి మీ పత్రిక జిల్లా పేజీలో ఇటీవల వచ్చిన వార్త చదివాను. అతని సాధన మెచ్చుకోదగినదే. అయితే ఆ వార్తలో వాడిన "స్టీలు మేకు", "వట్టి చేతులు" అన్న రెండు మాటల వల్ల చిక్కు వచ్చింది కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను కడపలో చాలా ఏళ్లుగా ఇనుప సామాన్ల అంగడి నడుపుతున్నాను. వయసులో ఉన్నప్పుడు తాలింఖానాకు (వ్యాయామశాలకు) పోయి ఈ విద్య కొంత నేర్చుకున్నాను. వార్త వచ్చిన మూడో రోజున ఇద్దరు ఇంటర్ పిల్లలు వచ్చి "స్టీలు మేకులు కావాల, పెద్దవి" అన్నారు. పటాలు తగిలించడానికా అంటే, కాదు, వంచడానికన్నారు.

మామూలు మేకుల్లోని మెత్తని ఇనుము కూడా శాస్త్రప్రకారం ఉక్కే కావచ్చు గానీ, అంగడిలో స్టీలు మేకంటే కాంక్రీటు గోడలో దిగగొట్టడానికి గట్టిపరిచిన మేకు. అది వంగదు, విరుగుతుంది. ఉస్తాదుకు తెలియకుండా నేనొకసారి అలాంటి మేకును గుడ్డలో చుట్టి బలం పట్టినప్పుడు, అది టప్పున విరిగి ఒక ముక్క నా కనుబొమ్మను చీల్చుకుంటూ పోయింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. వంచడానికి పనికొచ్చేవి వడ్రంగులు, సెంట్రింగ్ పనివారు కిలోల లెక్కన కొనే మామూలు మేకులు మాత్రమే.

రెండో మాట "వట్టి చేతులు". ఈ విద్య తెలిసినవారు మేకు రెండు కొనలకూ తోలు గానీ మందపాటి గుడ్డ గానీ బిగించి చుట్టుకుంటారు, లేకుంటే వంగే లోపే మేకు కొన అరచేతిలో దిగుతుంది. అమెరికాలోని ఐరన్‌మైండ్ సంస్థ రెడ్ నెయిల్ పేరుతో పెట్టిన 7 అంగుళాల పొడవు, సుమారు 8 మిల్లీమీటర్ల మందం గల కడ్డీని వంచే మొనగాళ్లు కూడా మామూలుగా చుట్టు లేకుండా ముట్టుకోరు. మందం సంగతి పిల్లలు తక్కువ అంచనా వేస్తారు. కడ్డీ మొరాయింపు మందం ఘనాన్ని బట్టి, అంటే మందాన్ని మూడుసార్లు వేసి గుణించిన లెక్కన, పెరుగుతుంది కనుక 6 మిల్లీమీటర్ల నుంచి 8కి పోతే, పొడవు మారకపోయినా, రెండు రెట్లకు పైగా బలం కావాలి.

ఇక వార్తలో ఒక్క ముక్కైనా లేని విషయం కీళ్ల సాగుడు. అరచేతులు కిందికి తిప్పి, మేకును గడ్డం కింద పట్టి, మోచేతులు పైకెత్తి మొదలుపెట్టే పట్టులో భుజాలు వదులుగా తిరగాలి. దండీలు మాత్రమే తీసి ఛాతీ బిగుసుకుపోయినవాడికి మోచేతులు లేవవు; మణికట్టు పక్కకు ఒరిగి, భారమంతా బొటనవేలి మొదటికీ మోచేతి లోపలి నరానికీ పోతుంది. మొదటి వంపు మణికట్టు బిగింపుతో వస్తుంది, తర్వాతి సగం చేతుల ఊపుతో. చివర వేళ్లు పెనవేసి, ఛాతీ ముందు రెండు కొనలనూ రెండంగుళాల దగ్గరికి నొక్కేది రొమ్ము, వీపు కండరాలే. అప్పుడు వంపు మీద వేలు పెడితే వెచ్చగా తగులుతుంది. కండ నెలల్లో వస్తుంది గానీ దాన్ని ఎముకకు కట్టిన స్నాయువు గట్టిపడడానికి అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. మా ఉస్తాదు వారానికి రెండు రోజులకు మించి మేకు పట్టనిచ్చేవారు కాదు, మిగిలిన రోజుల్లో భుజాలు సాగదీయించేవారు. అప్పట్లో అది నాకు మహా విసుగు.

ఆ పిల్లలకు స్టీలు మేకులు ఇవ్వలేదు. సన్నని మెత్తకడ్డీని ఏడంగుళాల ముక్కలుగా కోసి, చుట్టుకోవడానికి పాత తోలు పట్టీ కూడా ఇచ్చి పంపాను. అయితే నేను కాదంటే పక్క అంగడి ఉంది. కావున ఆ వార్త వచ్చిన పేజీలోనే, అదే సైజు అక్షరాలతో, "స్టీలు మేకు" అన్న మాటను సవరించి ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు
మీ పాఠకుడు,
కడప