జనం చందాలతో కట్టుకున్న యుద్ధనౌక

గోథెన్‌బర్గ్, స్వీడన్

నాన్నగారికి నమస్కారం.

అమ్మ పంపిన కందిపొడి, ఆవకాయ జాగ్రత్తగా చేరాయి. నేను బాగున్నాను, చలి కూడా తగ్గింది. పోయిన ఆదివారం మీరు "ఆ ఊళ్ళో పెద్ద షిప్‌యార్డ్ ఉండేదట కదా, ఏం కట్టారక్కడ?" అని అడిగారు. ఫోన్‌లో రెండు ముక్కల్లో చెప్పాలనిపించలేదు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

నేను రోజూ పడవలో నది దాటి ఆఫీసుకు వెళ్తానా, ఆ అవతలి ఒడ్డునే యోటావెర్కెన్ షిప్‌యార్డ్ ఉండేది. ఇప్పుడు ఆ ఒడ్డున ఎక్కువగా అపార్ట్‌మెంట్లు, ఆఫీసులే. 1915 మే 3న ఆ యార్డులో ఒక యుద్ధనౌకను నీళ్ళలోకి దింపారు. స్వెరియె అని దేశం పేరే పెట్టారు దానికి, స్వీడన్‌ను వీళ్ళ భాషలో అలాగే అంటారు. కట్టడానికి డబ్బిచ్చింది ప్రభుత్వం కాదు, జనం.

తీరరక్షణకు కొత్త ఓడ కట్టాలని పార్లమెంటు అప్పటికే ఒప్పుకుంది. 1911లో కార్ల్ స్టాఫ్ లిబరల్ ప్రభుత్వం వచ్చి దాన్ని ఆపేసింది. చర్చి ఉద్యమంలో పనిచేసే మాన్‌ఫ్రెడ్ బ్యోర్క్‌విస్ట్ అనే యువకుడు, అయితే మనమే చందాలు వేసుకుని కడదాం అన్నాడు. 1912 మొదట్లో వసూళ్ళు మొదలయ్యాయి. ఓడకు కావలసింది కోటీ ఇరవై లక్షల క్రోనార్లు, కొన్ని నెలలకే కోటిన్నర దాటింది. అందరూ ఒక్క మాట మీద ఇచ్చారని కాదు, ఇది స్టాఫ్‌ను ఇబ్బంది పెట్టడానికి కన్జర్వేటివ్‌లు చేస్తున్న పని అని లెఫ్ట్ వాళ్ళు మండిపడ్డారు. అందులో నిజం లేకపోలేదు. అయినా, 1962 యుద్ధమప్పుడు నాయనమ్మ రక్షణ నిధికి తన గాజులు తీసి ఇచ్చిందని మీరు చెబుతూ పెంచిన పిల్లని కదా, ఆ చందాలిచ్చిన వాళ్ళని నేను తేలిగ్గా తీసుకోలేను.

ఇక మీకు నచ్చే సంగతి, డిజైన్. పొడవు 120 మీటర్లు, వెడల్పు 18 మీటర్ల పైన, బరువు సుమారు 7,000 టన్నులు. అంతకు ముందే ఇంగ్లండ్ కట్టిన డ్రెడ్‌నాట్ అనే యుద్ధనౌక 18,000 టన్నులు దాటింది. అంత చిన్న ఓడ మీద రెండు టరెట్లలో (తిరిగే ఫిరంగి గదుల్లో) రెండేసి చొప్పున, స్వీడన్ ఆయుధ కంపెనీ బోఫోర్స్ చేసిన నాలుగు 283 మిల్లీమీటర్ల ఫిరంగులు పెట్టారు. ఒక్కో గుండు 300 కిలోల పైమాటే. పక్కల కవచం మందం 200 మిల్లీమీటర్లు. వేగం 22 నాట్ల పైన, అంటే గంటకు 40 కిలోమీటర్ల పైమాటే. మరి ఇవన్నీ ఎక్కడ నుంచి మిగుల్చుకున్నారంటారా? మహాసముద్రాలు దాటే పని లేదు కాబట్టి బొగ్గు నిల్వ తగ్గించారు, ఓడను నీటికి తక్కువ ఎత్తులో ఉంచారు.

అన్నిటికన్నా ముఖ్యం డ్రాఫ్ట్, అంటే ఓడ నీటిలో మునిగి ఉండే లోతు. దాన్ని సుమారు ఆరున్నర మీటర్లకే పరిమితం చేశారు. ఎందుకో ఇక్కడి తీరం చూస్తే తెలుస్తుంది. మొన్న శనివారం ట్రామ్ దిగి ఫెర్రీ ఎక్కి దీవులకు వెళ్ళాను. నీళ్ళలోంచి నున్నగా పైకి లేచిన గ్రానైట్ బండలు ఎటు చూసినా ఉన్నాయి. దారిలో చోటుచోటా గుర్తు కర్రలు పాతి ఉన్నాయి. కెప్టెన్ వాటి మీద నుంచి కళ్ళు తిప్పలేదు. స్టాక్‌హోమ్ వైపైతే ఇలాంటి దీవులు వేలల్లో ఉంటాయి. పెద్ద యుద్ధనౌక అక్కడికి వస్తే ఇరుకు సందులో దూరిన ఏనుగే. శత్రువు క్రూజర్లు వస్తే 283 ఫిరంగుల ముందు నిలవలేవు, నిలవగల పెద్ద ఓడలు బండల మధ్యకి రాలేవు. సముద్రాన్ని కొలిచి ఆ కొలతకు ఓడ కట్టారు. ఆ బుద్ధి నాకు చాలా నచ్చింది.

1914లో స్టాఫ్ దిగిపోయాక మరో రెండు అలాంటివే మంజూరయ్యాయి: డ్రోట్నింగ్ విక్టోరియా, గుస్టాఫ్ ఐదు. రెండో ప్రపంచయుద్ధం నాటికి ఈ మూడూ పాతబడ్డాయి, విమానాల భయం కూడా వచ్చి పడింది. చిన్న బోఫోర్స్ విమాన విధ్వంసక గన్లు బిగించి వాటినే తీర నౌకాదళానికి పెద్ద దిక్కుగా నిలబెట్టారు. 1940 ఏప్రిల్ 9న జర్మనీ డెన్మార్క్, నార్వేల మీద పడింది. నార్విక్‌లో నార్వే వాళ్ళ తీరరక్షణ ఓడలు రెండు, ఈడ్స్‌వోల్డ్, నోర్గె, టార్పెడోలు తగిలి నిమిషాల్లో మునిగిపోయాయి. 250 మందికి పైగా నావికులు పోయారు. అవి ఇంకా పాతవి, నలభై ఏళ్ళవి. ఆ వార్త విన్న రోజు స్వెరియె మీద ఉన్న కుర్రాళ్ళకు ఎంత టెన్షన్ పట్టుకుని ఉంటుందో అని అనుకుంటూ ఉంటాను.

వాళ్ళ మీదికి యుద్ధం రాలేదు. స్వెరియె ఒక్కసారీ శత్రువు మీద కాల్చలేదు. 1953లో సేవ నుంచి తప్పించి, తర్వాత తుక్కుకింద విరగ్గొట్టారు. జనం డబ్బుతో కట్టిన ఆ ఓడను మ్యూజియంగా ఉంచి ఉంటే బావుండేదని నా బాధ. మన వైజాగ్ బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్‌ని ఉంచినట్టు వీళ్ళూ ఉంచుకోవలసింది.

నాకో సందేహం. ఆ రోజుల్లో ఓడలను వెల్డింగ్‌తో కట్టేవారు కాదు కదా, ప్లేట్లన్నీ రివెట్లతోనే బిగించారు. 1948లో వైజాగ్ యార్డులో జల ఉష ఓడను దింపినప్పటి మేస్త్రీలతో మీరు పని చేశానన్నారు. ఎర్రగా కాల్చిన రివెట్‌ని పైకి విసిరితే పైవాడు డబ్బాతో పట్టేవాడట, నిజమేనా? వాళ్ళు చెప్పినవి గుర్తున్నంత వరకు రాయండి. మోకాలికి మందు మానకండి. అమ్మకి నమస్కారాలు చెప్పండి.

మీ అమ్మాయి